యూత్ ప్రోగ్రామ్‌కి గ్రాంట్ వచ్చింది, మరి ఏం మారిందో లెక్కతో చూపించడం ఎలా

యువత కోసం పనిచేసే చిన్న సంస్థల రిపోర్టులు తిరగేస్తే ఎక్కువగా కనబడే లైన్ ఒకటుంటుంది, "ఈ ఏడాది ఇంతమందికి శిక్షణ ఇచ్చాం" అని, దాని కింద ఫ్లెక్సీ ముందు సర్టిఫికెట్లు పట్టుకుని నిలబడ్డ పిల్లల గ్రూప్ ఫోటో. ట్రైనింగ్ ఇచ్చారు, బాగుంది, ఆ తర్వాత ఆ పిల్లలు ఏమయ్యారన్నది మాత్రం చాలావాటిలో ఉండదు. గ్రాంట్ ఇచ్చినవాళ్ళు తెలుసుకోవాలనుకునేది అదే, మూడు నెలలపాటు రోజూ ఆటో చార్జీ ఇచ్చి పంపిన తల్లిదండ్రులకి కావాల్సిందీ అదే. దీనికి పెద్ద పెద్ద కన్సల్టెంట్లు అక్కర్లేదు, ఒక ఎక్సెల్ షీటు, ఒక ఫోను, ఓపికున్న ఇద్దరు మనుషులు ఉంటే చాలావరకు అయిపోతుంది, కాకపోతే ప్రోగ్రామ్ ముగిశాక మొదలుపెడితే మాత్రం ఏమీ చెయ్యలేం, అందుకే మొదట్నుంచీ వరసగా రాస్తున్నాను.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఒక మండల కేంద్రంలో 17 నుంచి 22 ఏళ్ళ వాళ్ళకి మూడు నెలల ట్రైనింగ్, కంప్యూటర్ బేసిక్స్, స్పోకెన్ ఇంగ్లిష్, ఇంటర్వ్యూ ప్రాక్టీసు, చివర్లో ఉద్యోగాలు చూపించడం. ఒక కంపెనీ సీఎస్ఆర్ కింద, అంటే కంపెనీలు సమాజం కోసం చట్టప్రకారం పెట్టే ఖర్చు కింద, 24 లక్షలు ఇచ్చింది, 120 మంది చేరారు. ఈ 120 అనే అంకెని గట్టిగా పట్టుకోండి, మొదటి రోజు పేరు రాసుకున్న ప్రతి ఒక్కరూ చివరి లెక్కలో ఉండాలి, నేను చెప్పబోయేదంతా దాని గురించే.

ప్రపోజల్ రాసేటప్పుడే తేల్చుకోవాల్సినవి

మనం చేసే పనులు వేరు, వాళ్ళ బతుకులో వచ్చే మార్పు వేరు. క్లాసులు చెప్పడం, కిట్లు ఇవ్వడం, జాబ్ మేళాలు పెట్టడం, ఇవన్నీ మనం చేసినవి. ట్రైనింగ్ అయిన ఆరు నెలలకి ఎంతమంది పనిలో ఉన్నారు, చేతికి ఎంత వస్తోంది, మధ్యలో ఆపేసిన చదువు మళ్ళీ ఎవరు మొదలుపెట్టారు, ఇవీ మార్పు అంటే. రెండూ రిపోర్టులో ఉండాలి కానీ మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని దాటెయ్యకూడదు. మార్పు కింద మూడు నాలుగు విషయాలకి మించి పెట్టుకోవద్దని నా గట్టి సలహా. 25 ఇండికేటర్లు, అంటే కొలవాల్సిన అంశాలు, ఉన్న ప్రపోజల్ చూడ్డానికి ఘనంగానే ఉంటుంది, తీరా ఫీల్డులో ఒక్కటీ సరిగ్గా కొలవరు, మార్చి నెలాఖర్లో ఆఫీసులో కూర్చుని గడులు నింపుతారు. "నాయకత్వ లక్షణాలు పెంపొందించడం" లాంటిది రాయాలనిపిస్తే ముందు మిమ్మల్ని మీరు అడగండి, అది పెరిగిందని దేన్ని చూసి చెప్తాం? జవాబు లేకపోతే తీసెయ్యండి.

డబ్బు సంగతి కూడా అప్పుడే మాట్లాడాలి. ఫోన్ కాల్స్, ఊళ్ళు తిరగడానికి పెట్రోలు, డేటా ఎంట్రీ, వీటన్నిటికీ బడ్జెట్‌లో విడిగా ఒక లైన్ ఉండాలి, మొత్తంలో 5 నుంచి 10 శాతం అడగడం న్యాయమేనని నా అభిప్రాయం. ఇక్కడ చాలామంది వెనకాడతారు, సీఎస్ఆర్‌లో పైఖర్చులు 5 శాతం దాటకూడదంట కదా అని. ఆ పరిమితి ఉన్న మాట నిజమే, కానీ అది కంపెనీ తన సీఎస్ఆర్ వ్యవహారం నడుపుకోవడానికి పెట్టే సాధారణ ఆఫీసు ఖర్చు గురించి, ఫలానా ప్రాజెక్టు డిజైన్‌కి, అమలుకి, మానిటరింగ్‌కి, ఎవాల్యుయేషన్‌కి నేరుగా పెట్టిన ఖర్చు అందులోకి రాదని సీఎస్ఆర్ రూల్స్‌లోని నిర్వచనమే చెప్తోంది. అవతలివాళ్ళకి కూడా ఒక్కోసారి ఈ విషయం గుర్తుండదు, మర్యాదగా గుర్తుచెయ్యండి.

ఇంకొకటి, 2021 జనవరిలో ఆ రూల్స్ సవరించాక పెద్ద కంపెనీలకి ఇంపాక్ట్ అసెస్‌మెంట్, అంటే ప్రాజెక్టు వల్ల ఏం మారిందో తేల్చే స్టడీ, తప్పనిసరి అయ్యింది. గత మూడేళ్ళ సగటున 10 కోట్లు అంతకన్నా ఎక్కువ సీఎస్ఆర్ పెట్టాల్సిన కంపెనీ అయితే, కోటి రూపాయలు అంతకు మించిన ప్రాజెక్టులు పూర్తయ్యి కనీసం ఏడాది గడిచాక, బయటి ఏజెన్సీతో స్టడీ చేయించి ఆ రిపోర్టుని బోర్డు ముందు పెట్టాలి. మన ఉదాహరణలో 24 లక్షలే కాబట్టి ఇది వర్తించదు. పెద్ద ప్రాజెక్టులో మీరు భాగస్వాములైతే మాత్రం, అంతా సర్దేసుకున్న ఏడాదికో ఏడాదిన్నరకో ఎవరో ఒక ఏజెన్సీ మనిషి వచ్చి ఆ పిల్లల లిస్టు, ఫోన్ నంబర్లు ఇవ్వండి అంటాడు, అప్పటికి మీ దగ్గర పనికొచ్చే లిస్టు ఉండాలి.

రిజిస్టరు దగ్గరే సగం పని

ఒక్కో బ్యాచ్‌లో నలుగురు లక్ష్ములు, ఐదుగురు సాయిలు ఉంటారు, ఇంటిపేరు ఒకచోట ముందు రాస్తారు, ఒకచోట వెనక రాస్తారు, టెన్త్ మెమోలో ఒక స్పెల్లింగ్, అటెండెన్స్‌లో ఇంకోటి. పేర్లతో షీట్లు కలపాలని చూస్తే ఎప్పటికీ కలవవు. అందుకే చేరిన రోజే ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఇచ్చెయ్యండి, సెంటరు, బ్యాచ్, వరస సంఖ్య కలిపి, అటెండెన్స్, టెస్టులు, ఫాలో అప్ అన్నిట్లో అదే నంబరు. ఆధార్ నంబరు తీసుకోవాల్సిన అవసరం లేదు, తీసుకుంటే దాన్ని భద్రంగా దాచే బరువు కూడా మీ మీదే పడుతుంది. 18 నిండని పిల్లలుంటే తల్లిదండ్రుల సమ్మతి రాతపూర్వకంగా తీసుకోండి, 2023లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం కూడా పిల్లల వివరాలకి తల్లిదండ్రుల సమ్మతి కావాలనే అంటోంది.

ఫోన్ నంబర్లు ఒకటి చాలదు, నాలుగు కావాలి. పిల్లలు ఆఫర్ వచ్చినప్పుడల్లా సిమ్ మారుస్తారు. కాబట్టి వాళ్ళది, అమ్మది, దగ్గరి ఫ్రెండుది, ఇంకా ఊరొదిలి వెళ్ళని మనిషి ఒకరిది, డ్వాక్రా గ్రూపు లీడరో, అంగన్‌వాడీ టీచరో, వీధి చివర కిరాణా కొట్టాయనో. ఆ నాలుగో నంబరే ఆరు నెలల తర్వాత ఎక్కువ అక్కరకొస్తుంది.

మధ్యలో మానేసిన వాళ్ళ వరసని షీట్‌లోంచి తీసెయ్యొద్దు. మానేసిన తేదీ, కారణం రాసి అలాగే ఉంచండి. వాళ్ళ సీట్లో ఇంకొకరు చేరితే వాళ్ళకి కొత్త నంబరు, పాత నంబరు మళ్ళీ వాడకూడదు.

మొదటి సర్వే, ప్రశ్నలు అడిగే పద్ధతి

ప్రారంభోత్సవం రోజున సర్వే పెట్టకండి, ఆ హడావిడిలో ఎవరూ నిదానంగా జవాబు చెప్పరు, మొదటి వారంలో ఏదో ఒక రోజు చెయ్యండి. అడిగేది క్లాసు చెప్పే సారో మేడమో కాకూడదు, ఎందుకంటే మన పిల్లలు సార్ మొహం మీద "లేదు సార్, ఏమీ రాలేదు" అని చెప్పరు. రెండు సెంటర్లుంటే ఇక్కడివాళ్ళు అక్కడ, అక్కడివాళ్ళు ఇక్కడ అడిగితే చాలు.

"నీ ఆత్మవిశ్వాసం పెరిగిందా?" అని అడిగితే గదిలో ఉన్న అందరూ పెరిగిందనే అంటారు, ఆ జవాబుతో చేసేదేమీ లేదు. దాని బదులు ఇలా అడగండి, "గత నెల రోజుల్లో బ్యాంకుకో మీసేవకో నువ్వొక్కదానివే వెళ్ళావా? ఏం పని మీద వెళ్ళావు?" వెళ్తే పని పేరు చెప్తుంది, వెళ్ళకపోతే ఆలోచిస్తుంది, ఆ తేడా మీకు అక్కడే తెలిసిపోతుంది. ఇదే ప్రశ్న ట్రైనింగ్ అయ్యాక, ఆరు నెలలకి, అవే మాటల్లో మళ్ళీ అడగాలి, మధ్యలో ప్రశ్న బాగాలేదని మార్చేస్తే పోల్చడానికి ఏమీ మిగలదు.

ఎక్సెల్ వచ్చా, పదికి ఎన్ని మార్కులు వేసుకుంటావు అని అడగడం కూడా ఇలాంటిదే. మొదట్లో ఏమీ తెలియదు కాబట్టి ఎనిమిది వేసుకుంటారు, మూడు నెలలు నేర్చుకున్నాక ఎంత ఉందో తెలిసొచ్చి ఆరు వేసుకుంటారు, కాగితం మీద చూస్తే మీ ట్రైనింగ్ వల్ల పిల్లలు వెనక్కి వెళ్ళినట్టు ఉంటుంది. అందుకని పని ఇచ్చి చూడటమే మేలు, "ఈ పది మంది మార్కులు ఎంటర్ చేసి, టోటల్ తీసి, ఎక్కువ నుంచి తక్కువకి వరసలో పెట్టు" అని, పది నిమిషాలు, చేశారా లేదా అంతే.

ఇంటర్ చదివారు కదా ఫారం వాళ్ళే నింపుకుంటారులే అనుకోకండి. గ్రామీణ ప్రాంతాల్లో 14 నుంచి 18 ఏళ్ళ వాళ్ళ మీద చేసిన అసర్ (చదువు స్థాయిని కొలిచే సర్వే) 2023 రిపోర్టులో దాదాపు నాలుగో వంతు మంది తమ సొంత భాషలో రెండో తరగతి స్థాయి పాఠాన్ని కూడా తడబడకుండా చదవలేకపోయారు. కాబట్టి పక్కన కూర్చుని నోటితో అడిగి మీరే నింపండి. తండాల నుంచో గోండు, కోయ గూడేల నుంచో వచ్చిన పిల్లలుంటే వాళ్ళ మాట తెలిసినవాళ్ళు ఉండాలి. కోబో టూల్‌బాక్స్ అనే సర్వే టూల్‌లో తెలుగులో ఫారం చేసుకోవచ్చు, మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లో సిగ్నల్ లేకపోయినా పనిచేస్తుంది. ముందు ఓ ఐదుగురితో ట్రయల్ వేస్తే ఏ ప్రశ్న అర్థం కావట్లేదో బయటపడుతుంది.

వెళ్ళిపోయినవాళ్ళని వెతకడం

అసలు కష్టం ఇక్కడే ఉంది, చాలా రిపోర్టులు బలహీనపడేదీ ఇక్కడే. ఆరు నెలలయ్యేసరికి ఒకళ్ళు హైదరాబాద్‌లో, ఒకళ్ళు బెంగళూర్లో, ఒకమ్మాయికి పెళ్ళయిపోయి ఉంటుంది, ఒకబ్బాయి మిర్చి కోతల సీజన్‌కి ఇంట్లోవాళ్ళతో వెళ్ళిపోయి ఉంటాడు. ఫోన్ చేస్తే స్విచాఫ్. దొరికిన వాళ్ళతో సరిపెట్టేసుకోవాలని మనసు లాగుతుంది.

మన క్యాలెండర్ తెలిస్తే ఈ పని సగం తేలికవుతుంది. కోస్తా జిల్లాల్లో ఎంత దూరం వెళ్ళినవాళ్ళయినా సంక్రాంతికి ఊరు చేరతారు, తెలంగాణలో బతుకమ్మ, దసరాకి వస్తారు, ఫాలో అప్ గడువుని ఆ పండగలకి అటో ఇటో పడేలా ముందే ప్లాన్ చేసుకోండి. పెళ్ళయిన అమ్మాయిలు మొదటి ఆషాఢానికి పుట్టింటికి వస్తారు, కలవాలంటే అంతకన్నా మంచి సమయం దొరకదు. అలాగే అటెండెన్స్ తగ్గితే వెంటనే పిల్లలకి ఆసక్తి లేదని రాసెయ్యకండి, పత్తి తీతలా, పెళ్ళి ముహూర్తాలా, ఇంటర్ పరీక్షలా అని పక్కన రాసుకుంటే వచ్చే ఏడాది బ్యాచ్ ఎప్పుడు మొదలుపెట్టాలో తెలుస్తుంది.

వెతికితే దొరుకుతారా అనే అనుమానం ఉన్నవాళ్ళకి ఒక మాట. యంగ్ లైవ్స్ అనే పరిశోధన 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలై, దాదాపు 3,000 మంది పిల్లల్ని, అవే కుటుంబాల్ని, రెండు దశాబ్దాలపాటు మళ్ళీ మళ్ళీ కలుస్తూ వచ్చింది, చంటిపిల్లలు పెద్దవాళ్ళై పెళ్ళిళ్ళయ్యేదాకా. వాళ్ళంత వనరులు మనకి ఉండవు, కానీ ఆరు నెలలకి 120 మందిని వెతకడం మన చేతిలో పనే.

ఫోన్‌లో మొదటి మాట చాలా ముఖ్యం. ఉద్యోగం రానివాళ్ళు, వచ్చి మానేసినవాళ్ళు, మనకి మొహం ఎలా చూపించాలా అని ఫోన్ ఎత్తరు. కాబట్టి ఇలా మొదలుపెట్టండి, లేదా ముందు వాట్సాప్‌లో ఇదే వాయిస్ మెసేజ్ పెట్టండి:

"బాగున్నావా అమ్మా, నేను కంప్యూటర్ సెంటర్ నుంచి మాట్లాడుతున్నాను. ఉద్యోగం ఉన్నా లేకపోయినా ఏం పర్లేదు, నీకు ఏ ఇబ్బందీ రాదు, ఎలా ఉన్నావో తెలుసుకుందామని చేశాను, ఐదు నిమిషాలు మాట్లాడొచ్చా?"

అమ్మాయిలకి ఆడవాళ్ళే ఫోన్ చెయ్యాలి, అత్తగారింట్లో ఉన్న అమ్మాయికి ఎవరో మగమనిషి ఫోన్ చేసి ఎక్కడున్నావు ఏం చేస్తున్నావు అని అడిగితే ఆ అమ్మాయికి ఎన్ని చిక్కులో మనకి తెలియనిది కాదు. పనిలో ఉన్నవాళ్ళకి రాత్రి ఎనిమిది దాటాక, ఆదివారాలు చెయ్యండి. అడగాల్సినవి కొన్నే, ఇప్పుడేం చేస్తున్నావు, పోయిన నెల చేతికి ఎంత వచ్చింది, మొదట చేరిన చోటే ఉన్నావా మారావా, మానేస్తే ఎందుకు, ఇప్పుడున్న పని ఎవరి ద్వారా దొరికింది. జీతం అడిగేటప్పుడు ఆఫర్ లెటర్లో రాసిన అంకె కాదు, పీఎఫ్, హాస్టల్, మెస్ అన్నీ పోగా చేతిలో మిగిలింది అడగండి, పిల్లలు ఉద్యోగం వదిలేసి ఊరికి వచ్చెయ్యడానికి కారణం చాలాసార్లు ఆ రెండిటి మధ్య తేడాలోనే దొరుకుతుంది.

లెక్క వేసేటప్పుడు

మన ఉదాహరణకి వద్దాం. 120 మంది చేరారు, 96 మంది పూర్తి చేశారు, ఆరు నెలల తర్వాత మొదటి రౌండ్ ఫోన్లలో 70 మంది దొరికారు, వాళ్ళలో 56 మందికి పని ఉంది. చాలామంది ఇక్కడ 56ని 70తో భాగించి "80 శాతం ప్లేస్‌మెంట్" అని పెద్దక్షరాలతో వేసేస్తారు. ఫోన్ ఎత్తినవాళ్ళలో ఉద్యోగం ఉన్నవాళ్ళే ఎక్కువుంటారని పైనే చెప్పుకున్నాం, కాబట్టి ఆ 80 శాతం నమ్మదగ్గది కాదు. చేరిన 120తో భాగిస్తే 47 శాతం. మిగతా 50 మంది సంగతి తెలియదు, వాళ్ళందరికీ పని ఉందనుకుంటే 88 శాతం, ఎవరికీ లేదనుకుంటే 47. అసలు నిజం ఈ మధ్యలో ఎక్కడో ఉంది, ఇంత పెద్ద ఎడం పెట్టుకుని ఏమీ చెప్పలేం.

ఇప్పుడు పండగకి ఊళ్ళు తిరిగి, డ్వాక్రా లీడర్లని అడిగి, ఆ 50 మందిలో 38 మందిని పట్టుకున్నారనుకోండి. వాళ్ళలో 9 మంది పనిలో ఉన్నారు, 14 మంది చదువుకుంటున్నారు, 15 మంది ఇంటి దగ్గర ఉన్నారు. మొదటి 70 మందిలో మిగిలిన 14 మందిలో 8 మంది చదువులో, 6 మంది ఇంటి దగ్గర అనుకుంటే మొత్తం లెక్క ఇలా తేలుతుంది: పనిలో 65, చదువులో 22, ఇంటి దగ్గర 21, తెలియనివాళ్ళు 12, కలిపితే 120. ఇప్పుడు 54 శాతం పనిలో ఉన్నారని, తెలియని 12 మందికీ పని ఉన్నా 64 దాటదని ధైర్యంగా రాయొచ్చు. నిజాయితీగా వెతికితే అంకె పడిపోతుందని భయపడతాం కానీ ఇక్కడ 47 కాస్తా 54 అయ్యింది, పైగా డిగ్రీలో మళ్ళీ చేరిన పిల్లలు కూడా లెక్కలోకి వచ్చారు.

ఆ తర్వాత అమ్మాయిలు, అబ్బాయిలు విడగొట్టి చూడండి, కులాల వారీగా, వైకల్యం ఉన్నవాళ్ళని విడిగా చూడండి. 66 మంది అమ్మాయిల్లో 29 మంది, 54 మంది అబ్బాయిల్లో 36 మంది పనిలో ఉన్నారంటే ఒకవైపు 44 శాతం, ఒకవైపు 67, ఆ మొత్తం 54 అనే అంకె దాచిపెట్టిన సంగతి ఇదీ. గుంపు చిన్నదైతే, ఏడెనిమిది మందే ఉంటే, శాతాలు వద్దు, "8 మందిలో 3" అని రాస్తే చాలు.

ఇదంతా మన వల్లేనా

మనం లేకపోయినా కొంతమందికి ఉద్యోగాలు వచ్చేవి, అసలు ట్రైనింగ్‌కి వచ్చి చేరేవాళ్ళే కాస్త చొరవ ఉన్న పిల్లలు. ఇది తేల్చాలంటే మన దగ్గరికి రానివాళ్ళతో పోల్చాలి. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోని ప్రభుత్వ బడుల్లో టీచర్లకి బోనస్ ఇస్తే పిల్లల చదువు మెరుగుపడుతుందా అని కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఒక ప్రయోగం మొదలుపెట్టారు, లాటరీతో ఎంచి 200 బడుల్లో బోనస్ పెట్టి, ఇంకో 100 బడుల్ని ఏ బోనసూ లేకుండా పక్కన పోల్చడానికి ఉంచారు. ఆ 100 బడులు లేకపోతే పిల్లలు ఏడాదిలో మామూలుగా నేర్చుకున్నది కూడా బోనస్ ఖాతాలోనే పడిపోయేది.

సీట్ల కన్నా అప్లికేషన్లు ఎక్కువొస్తే చిన్న సంస్థ కూడా లాటరీ తియ్యొచ్చు, ఊరందరి ముందు చీటీలు తీస్తే సిఫార్సుల గొడవ కూడా ఉండదు, సీటు రానివాళ్ళని తర్వాతి బ్యాచ్‌లో తీసుకుంటామని చెప్పి వాళ్ళకీ అవే ప్రశ్నలు అడగండి. అది కుదరకపోతే బలవంతంగా చెయ్యక్కర్లేదు, ఇంత చిన్న ప్రోగ్రామ్‌లో దానివల్ల తేలేదీ తక్కువే. "ఈ పని ఎవరి ద్వారా దొరికింది" అన్న ప్రశ్న ఇక్కడ పనికొస్తుంది. మా బావ పెట్టించాడు అన్నవాళ్ళు ఎంతమంది, మన సెంటర్ ఇంటర్వ్యూ ద్వారా చేరినవాళ్ళు ఎంతమంది విడగొట్టి రాసి, "మా ట్రైనింగ్ వల్లే" అనకుండా "తోడ్పడింది" అనండి.

రిపోర్టు రాయడం

మొదటి పేజీలోనే మొత్తం చెప్పెయ్యండి, 120 మంది ఏమయ్యారో ఆ నాలుగు అంకెలు, అమ్మాయిల అబ్బాయిల తేడా, ఏం బాగాలేదు, వచ్చే బ్యాచ్‌లో ఏం మారుస్తున్నాం. ఉదాహరణకి ఇలా:

"చేరిన 66 మంది అమ్మాయిల్లో ఆరు నెలలకి 29 మంది పనిలో ఉన్నారు. ఉద్యోగం వచ్చినా చేరనివాళ్ళలో ఎక్కువమంది చెప్పిన కారణం, దూరంగా హాస్టల్లో ఉంచడానికి ఇంట్లో ఒప్పుకోలేదని. వచ్చే బ్యాచ్‌లో రెండో నెలలోనే తల్లులని తీసుకెళ్ళి హాస్టల్ చూపిస్తాం, మండలంలోనే దొరికే పనులు కూడా వెతుకుతాం."

ఇలాంటి పేరా చదివిన ఫండర్‌కి, వీళ్ళకి తమ పిల్లల గురించి తెలుసు అనే నమ్మకం కలుగుతుంది. టార్గెట్ అందుకోలేమని తెలిస్తే సంవత్సరాంతం దాకా ఆగకుండా మధ్యలోనే ఫోన్ చేసి చెప్పండి, ఆరో నెలలో చెప్తే ప్లాన్ మార్చుకోవచ్చు, పన్నెండో నెలలో చెప్తే సంజాయిషీ అవుతుంది.

ఖర్చు కూడా రాయండి, 24 లక్షలని 120తో భాగిస్తే తలకి 20 వేలు, పనిలో ఉన్న 65 మందితో భాగిస్తే దాదాపు 37 వేలు. పక్కనే ఒక మాట చేర్చండి, ఏజెన్సీ గూడేల నుంచి వచ్చే పిల్లలకి ప్రయాణం, భోజనం కలిపి ఎక్కువే అవుతుంది, పట్నంలో నడిచే సెంటర్ ఖర్చుతో దీన్ని పోల్చకూడదని. ఈ మాట లేకపోతే తక్కువ ఖర్చయ్యే పిల్లలనే చేర్చుకునే దారిలోకి మనమే వెళ్ళిపోతాం.

సక్సెస్ స్టోరీలు రాయండి, కానీ ఒక్కరిదే కాకుండా ముగ్గురివి రాయండి, బాగా కుదురుకున్నవాళ్ళది, కిందా మీదా పడుతున్నవాళ్ళది, మధ్యలో మానేసినవాళ్ళది. పేరు, ఫోటో వెయ్యాలంటే రాసింది వాళ్ళకి చదివి వినిపించి ఒప్పుకుంటేనే. బాల సదనాల నుంచి వచ్చిన పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపెట్టడం నేరం, ఫ్లెక్సీ మీదైనా సరే.

చివరగా, రెండు పేజీల తెలుగు కాపీ తయారుచేసి ఊళ్ళో తల్లిదండ్రుల మీటింగ్‌లో చదివి వినిపించండి, పేర్లు లేకుండా, మొత్తాలు మాత్రమే. ఫండర్‌కి పంపేముందే ఇది చెయ్యండి, ఎందుకంటే మీటింగ్ అయ్యాక ఒక్కొక్కరూ దగ్గరికొచ్చి మా వాడు ఆ పని మానేశాడండీ, మా అమ్మాయి పోయిన నెలే చేరింది అని చెప్తారు. షీట్‌లో అప్పుడే సరిచేసి, ఎవరు చెప్పారో, ఏ తేదీన మార్చారో పక్క గడిలో రాసుకుని, అంకెలు మళ్ళీ కూడి, 120కి సరిపోయాయో లేదో చూసుకుని అప్పుడు పంపండి.